గోడ అవతలి పిలుపు

నా చెవుల గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, ముప్ఫై ఏళ్ళు దవాఖానాలో కంపౌండరుగా పనిచేసినవాణ్ణి, చెప్పుకుంటాను. వరండాలో దగ్గు వినబడగానే తల ఎత్తకుండా మందు కలపడం మొదలుపెట్టేవాణ్ణి. పొడి దగ్గుకు ఒక సీసా, కఫం దగ్గుకు ఇంకో సీసా. డాక్టరుగారి చీటీ వచ్చేసరికి మందు తయారుగా ఉండేది. ఒక్కోసారి ఆయనకు కోపం వచ్చేది. వస్తే రానీ, నా చెవి మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

అంత మంచి చెవులు పెట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఒకటి ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

ఫసలీ 1346లో, అంటే ఇంగ్లీషు లెక్కకు 1937లో, ఎండలు ముదరక ముందు ఒకనాటి పొద్దున శివన్న దవాఖానాకు వచ్చాడు. శివన్న మా పక్కింటి కంచరి. తాతల నాడు నిర్మల్ నుంచి నాందేడు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వాళ్ళకూ మాకూ ఒకటే గోడ. ముందు గదిలో దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా రాగి హండాల మీద, బిందెల మీద సుత్తె దెబ్బలు పడుతూనే ఉండేవి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నా భార్య వసంత మూడు రోజులు తలకు గుడ్డ కట్టుకుని తిరిగింది. తరవాత తరవాత ఆ చప్పుడు ఆగితేనే ఏమయిందోనని గోడకేసి చూసేది.

మా డాక్టరు కిషన్‌రావుగారిది బిలోలి వైపు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కచేరీలో ఉర్దూ. రోగి ఏ భాషలో మూలిగితే ఆయన ఆ భాషలో పలికేవారు.

"ఏమయింది శివన్నా?" అన్నారు.

"నాకేం గాలే డాక్టర్ సాబ్. మా ఇంటిదానికి గొంతు వోయింది. జర మంచి మందియ్యుండ్రి."

"గొంతు వోవుడేంది?"

"మూడేండ్లాయె. ముందుగాల మెల్లగ మాట్లాడేది. ఇప్పుడు కొంగు ఊగుతది గని మాట రాదు. ఏందని అడిగితే మొకం తిప్పుకుంటది. ఇయ్యాల వాళ్ళన్న అచ్చి టేషన్ల కూసున్నడు. నాలుగు గంటల బండికి కర్ఖేలికి, తల్లిగారింటికి తోల్కపోతడట. మళ్ళ రాదట. గొంతు బాగయితె ఉంటదేమోనని..."

అంత పెద్ద మనిషి, హండాలను చంకలో పెట్టుకుని మోసే మనిషి, బల్ల మీద కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

వేరే రోజయితే నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. శివన్న భార్య సుందరబాయి గొంతుకేం, గుండ్రాయిలా ఉంది. రోజూ పెరటి గోడ మీదుగా వసంతతో గంటల తరబడి మాట్లాడేది. ఆమె ఎందుకు వెళ్ళిపోతోందో కూడా వసంత నాకు చెప్పింది.

మూడేళ్ళ క్రితం ఆషాఢ ఏకాదశి నాడు వీధిలో ఆడవాళ్ళంతా గోదావరి స్నానానికి పోయారు. వసంతా పోయింది, శివన్న తల్లి కోటమ్మా పోయింది. సుందరబాయికి అప్పుడు ఐదో నెల. ఆమె ఒక్కతే ఇంట్లో ఉంది. పెరట్లో వాన నీటికి బండ మీద పాచి. నీళ్ళ బిందెతో జారి పడింది. లేవలేక మొగుణ్ణి పిలిచింది. మూడుసార్లు పిలిచిందట. పెరటి గుమ్మానికి సూటిగా దుకాణం కనబడుతుంది. మొగుడు ఎవరితోనో మాట్లాడుతూ పగలబడి నవ్వుతున్నాడు. ఇటు తిరిగి చూడలేదు. వసంత నది నుంచి వచ్చి లేవనెత్తేదాకా ఆ బండ మీదే ఉంది. కడుపు నిలవలేదు.

ఆ తరవాత ఆమె మొగుడితో అవసరమైన మాటలే మాట్లాడింది, అవీ సన్నగా. మొన్న హోళీకి అన్న వస్తే, ఆ సంగతి పుట్టింటివాళ్ళకు మొదటిసారి నోరు విప్పి చెప్పింది.

ఆ రోజు శివన్నను నవ్విస్తూ కూర్చున్నది నేనే. ఆ సంగతి వసంతకు తెలుసు. అంతకు మించి వసంతకు తెలియదు.

డాక్టరుగారు లేచి గోడ దగ్గర చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే, "నీకెన్నేండ్లు శివన్నా?" అని అడిగారు. శివన్న మోకాళ్ళు రుద్దుకుంటూనే ఉన్నాడు. డాక్టరుగారు మళ్ళీ అడిగారు. జవాబు లేదు. ఆయన తుండుతో చేతులు తుడుచుకుని వచ్చి శివన్న ఎదురుగా నిలబడి అదే మాట అన్నారు.

"ముప్పై ఎనిమిది," అన్నాడు శివన్న వెంటనే.

"పోయి నీ భార్యను తోల్కరా. అమ్మను గూడ తీస్కరా."

మధ్యాహ్నానికి ముగ్గురూ వచ్చారు. ముందు కోటమ్మ, ఆమె వెనక శివన్న, ఆ వెనక బట్టల మూట చంకలో పెట్టుకుని సుందరబాయి. మూట ఇంట్లో వదిలి రాలేదు, ఇటునుంచి ఇటే టేషనుకు పోదామని. వచ్చి ఒక మూల గోడకేసి తిరిగి నిలబడింది. కొంగు తల మీదుగా తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది.

మా వైపు పద్ధతి అది. అత్త ముందు, పరాయి మగవాళ్ళ ముందు కోడలు మొగుడితో మాట్లాడాలంటే కొంగు నోటికి అడ్డం ఉండాలి, ముఖం పక్కకు తిరిగి ఉండాలి. పేరు పెట్టి పిలవకూడదు. "ఇన్నరా", అంటే విన్నారా, అని పిలుస్తారు. మరాఠీ ఇళ్ళలోనూ ఇదే మాట, వాళ్ళ భాషలో. సాయంత్రమయ్యేసరికి మా వీధిలో ఏ గడపలో విన్నా "ఇన్నరా, ఇన్నరా". ఎవరి పిలుపు ఎవరికో వాళ్ళ మొగుళ్ళకే తెలియాలి. పక్కనున్న మగవాళ్ళు విననట్టు ఉండాలి. పరాయి ఇంటి ఆడమనిషి పిలుపుకు తల తిప్పితే వాడంత అమర్యాదస్తుడు ఇంకొకడు ఉండడు. దీన్ని మాకెవరూ నేర్పలేదు, మీసాలతోపాటు వచ్చింది.

డాక్టరుగారు అలమారులోంచి కొడితే మోగే రెండు ఉక్కు కడ్డీలు తీశారు, రెండేసి ముళ్ళవి. పెద్దది మోకాలికి కొట్టి శివన్న చెవి దగ్గర పెట్టారు.

"ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుంది. తుమ్మెద తీరు."

చిన్నది కొట్టి పెట్టారు. శివన్న ఆయన ముఖంలోకి చూస్తూ ఊరుకున్నాడు. చెవి వెనక ఎముకకు ఆనించారు. అప్పుడూ అంతే.

"కొట్టిండ్రా?" అని అడిగాడు.

డాక్టరుగారు దాన్ని మళ్ళీ కొట్టి, గదిలో అవతలి మూల మందులు నూరుతున్న నా వైపు చూపించారు. "రామచందర్, నీకు?"

"గాడికెళ్ళే ఇనవడ్తుంది సాబ్, గాజులు మోగినట్టు," అన్నాను, కాస్త గర్వంగానే. కోటమ్మ కూడా తల ఊపింది. "అబ్బో, ఈనయి పాము చెవులు" అంది.

తరవాత డాక్టరుగారు రోగుల రిజిస్టరు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, "మీ తాతది ఏ ఊరు?" అన్నారు. శివన్న రిజిస్టరు అట్ట మీద గుడ్డను చూస్తున్నాడు. రిజిస్టరు దించి అదే మాట అన్నారు.

"నిర్మల్."

మళ్ళీ రిజిస్టరు ఎత్తారు, మళ్ళీ శివన్న అట్టను చూశాడు. మూడోసారికి కోటమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మూలన కొంగు కదలడం ఆగిపోయింది. సుందరబాయి తల తిప్పి మొగుడి వైపు చూస్తోంది.

"నా కొడుకు చెవిటోడా?" అంది కోటమ్మ. "ఏమంటున్నరు సాబ్! బజార్ల ఎవ్వలు పిలిచినా పలుకుతడు. గిరాకీలతోని పొద్దందాక మాట్లాడ్తడు."

"సగం ఇంటడు, సగం మొకం మీద చదువుతడు. గిరాకీ ఎదురుంగ కూసుంటడు గద. చదువుతున్న సంగతి ఆయనకు గూడ తెల్వది."

శివన్నకు ఇదంతా అందలేదు. అతను అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. డాక్టరుగారు కుర్చీ అతని ముందుకు లాక్కుని కూర్చున్నారు.

"శివన్నా, నీ దుకాణంల ఏమేమున్నయ్?"

"సుత్తె, దాని కిందికి దాగలి, పట్టుకారు..."

"నీ చెవిల గూడ సుత్తె, దాగలి ఉన్నయ్."

శివన్న ఇది వేళాకోళమా అన్నట్టు నా వైపు చూశాడు.

"నిజం. చెవి బొక్క చివరికి పలచని తోలుంటది, డప్పుకు కట్టినట్టు. చప్పుడు గాలిల కదిలి అచ్చి ఆ తోలును కదిలిస్తది. తోలెనక మూడు ఎముకలు. మూడు గలిపి జొన్న గింజంత. ఒకటి సుత్తె, ఒకటి దాగలి, ఒకటి గుర్రం రికాబు. సుత్తె కదిలి దాగలిని కదిలిస్తది, దాగలి రికాబును. రికాబు లోపలి కిటికీని తడ్తది."

"కిటికెనక ఏముంటది?"

"నీళ్ళు. నత్త గుల్ల తీరు సుట్టుకున్న గొట్టం, దాన్నిండ నీళ్ళు. ఆ నీళ్ళల్ల మొలకలు వరసకు నిలవడి ఉంటయ్, కంటికి ఆనయ్. నీళ్ళు కదిల్తె అవి ఊగుతయ్. అవి ఊగితె నరం పోయి మెదడుకు చెప్తది. గప్పుడు నీకు ఇనవడ్తది."

శివన్న చెవి తమ్మెను వేళ్ళతో పట్టుకుని, "ఎవ్వడు జేసిండో గని, అతుకు కనవడకుంట జేసిండు," అన్నాడు. పనివాడు పనివాణ్ణి మెచ్చుకున్నట్టు.

"గొట్టం ముందటి మొలకలు సన్న గొంతులు పడ్తయ్. ఆడోళ్ళ మాట, పిట్ట కూత. లోపటియి మోట చప్పుళ్ళు పడ్తయ్. ఇగ చెప్పు, దారి పక్క చేనుల బండ్లు తిరిగితె ముందుగాల ఏ మొక్కలు నలుగుతయ్?"

"దారెంట ఉన్నయి."

"ఇర్వై ఏండ్ల సంది నీ సుత్తె దెబ్బలు ఆ దారినే లోపటికి పోయినయ్."

శివన్న తన అరచేతులు చూసుకున్నాడు. "మళ్ళ మొలుస్తయా?"

"మొలువయ్."

"నూనె గాచి పోస్తె?" అంది కోటమ్మ.

"నెయ్యి పోసినా మొలువయమ్మా. మందు లేదు. చెవిల దూది పెట్టుకొని పని జేసుకోమను, మిగిలినయన్న మిగుల్తయ్."

నాకు ఆ క్షణంలో శివన్న మీద జాలి కలిగింది గానీ, తల ఎత్తకుండా, నలిగిన మందునే కల్వంలో మళ్ళీ నూరుతూ కూర్చున్నాను. ఎందుకో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

డాక్టరుగారు సుందరబాయి వైపు తిరిగారు. "అమ్మా, నీ గొంతు వోయిందని మందుకు అచ్చిండు నీ పెనిమిటి. నువ్వు మాట్లాడ్త లేవనుకుంటుండు. కొంగు అడ్డముంటె నీ మాట ఆయనకు లేనట్టే. రాత్రి దీపమార్పినంక చెప్పినా అంతే. ఆ కొంగు దీసి, ఆయన మొకం జూసుకుంట ఒక్క మాట చెప్పు."

"మంచిగుంది!" అంది కోటమ్మ. "నా ముంగట, ఇద్దరు మగోళ్ళ ముంగట మొగని మొకం జూసుకుంట మాట్లాడ్తదా? మా ఇంటా వంటా లేదు."

డాక్టరుగారు బల్ల మీద గడియారం చూశారు. రెండున్నర.

సుందరబాయి మూటను నేల మీద పెట్టింది. మొగుడికి ఎదురుగా వచ్చి నిలబడింది. కొంగును నోటి మీదనుంచి తీసి భుజం మీద వేసుకుంది. పదమూడేళ్ళు పక్కింట్లో ఉన్నా నేను ఆమె ముఖం పూర్తిగా చూడటం అదే మొదలు. చూపు దించుకున్నాను. చెవులు మాత్రం దించుకోలేం కదా.

"ఆ దినం నేను పిలిచిన," అంది.

శివన్న కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. "ఏ దినం?"

"ఏకాదశి దినం. బండ మీద పడ్డంక. మూడుసార్లు పిలిచిన. మీరు నవ్వుకుంట కూసున్నరు."

"నువ్వు పిలిచినవా?" ఆ మాట అతని నోటినుంచి గాలిలా వచ్చింది. "పడ్డవన్నరు. పిలిచినవని నాకు ఎవ్వలూ చెప్పలె. అప్పటిసంది నువ్వు మాట్లాడకపోతె, దుఃఖంతోని గొంతు వోయిందనుకున్న."

"మీకు ఇనవడ్డదనే అనుకున్న ఇన్నేండ్లు. ఒక్కొక్కపారి నా మీదనే నాకు అనుమానమచ్చేది. నిజంగ పిలిచిన్నా, నొప్పిల పిలిచిన్ననుకున్ననా అని. గట్టిగ పిలువకపోతిని, పిల్లను నేనే పోగొట్టుకుంటిని అని."

వరండాలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఎటువంటిదో నాకు తెలియలేదు.

కోటమ్మ నెమ్మదిగా నా వైపు తిరిగింది. "రామచందరూ, ఆ దినం దుకాణంల ఉన్నది నువ్వే గద. నీకు ఇనవడ్డదా బిడ్డా?"

లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. అడిగినవాళ్ళెవరూ మళ్ళీ అడిగేవారు కారు. కాని అలా అంటే సుందరబాయి తన అనుమానంతోనే బతకాలి. గట్టిగా పిలవలేదేమోనన్న అనుమానంతో. చిన్న కడ్డీ మోత గది అవతలి మూలనుంచి వినబడిందని అప్పుడే గొప్పలు పోయిన మనిషిని నేను.

కల్వం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. శివన్నకు కనబడేలా అతని వైపు తిరిగాను.

"ఇనవడ్డది," అన్నాను. "మూడుసార్లు ఇనవడ్డది. మొదటిసారి ఉప్పుకో పప్పుకో అనుకున్న. రెండోసారి గట్టిగ ఇనవడ్డది. నీ మొకం జూసిన. నువ్వు నవ్వుతున్నవు. పెండ్లాం పిలిస్తె కూసున్న కాడికెళ్ళి లేస్తలేడు, మగోడంటె వీడనుకున్న. మూడోది..."

డాక్టరుగారు నన్నే చూస్తున్నారు.

"మూడోది నొప్పితోని పిలిచిన పిలుపు. అట్లాంటి పిలుపులు నేను దినాం ఇంట. నాకు తెలిసింది. పరాయోళ్ళ ఇంట్ల ఆడమనిషి ఒక్కతుంటె లోపటికి ఎట్ల పోవాలె, నలుగురు ఏమంటరు అనుకున్న. లోపటికి పోకపోయినా నిన్ను తట్టి చెప్పచ్చు. చెప్పలె. పట్టిన కతనే మళ్ళ చెప్పుకుంట కూసున్న."

శివన్న నన్ను తిట్టలేదు. నామీదకు లేవనూ లేదు. కళ్ళు తుడుచుకోవడానికి భుజం మీది గుడ్డ తీశాడు, సగంలోనే ఆపేశాడు. గుడ్డ అడ్డం వస్తే ఆమె పెదవులు కనబడవని. కన్నీళ్ళు అలాగే కారనిచ్చాడు.

సుందరబాయి నా వైపు చూడనే లేదు. "అయితే నేను పిలిచిన," అంది మొగుడితో. ఆ ఒక్క మాట తేలినందుకు ఆమె భుజాలు కిందికి దిగాయి. ఒంగి మూట తీసుకోబోయింది. ఆమెకంటే ముందు శివన్న తీసుకున్నాడు.

నాలుగు గంటల బండికి ఆమె వెళ్ళింది. మూట పట్టుకుని శివన్న కూడా ఎక్కాడు. నాలుగు రోజులు దుకాణం మూతబడింది. వసంత గోడకేసి చూస్తూ కూర్చుంది. వాళ్ళు బండెక్కిన రాత్రే వసంతకు నేనే అంతా చెప్పాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు, మాట్లాడిన మొదటి మాట కూడా నేనిక్కడ రాసేది కాదు. ఐదో రోజు శివన్న, సుందరబాయి కలిసి తిరిగి వచ్చారు.

కోటమ్మ ఓడిపోయే మనిషి కాదు. కొడుకూ కోడలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే తానే గోడ వైపు తిరిగి కూర్చునేది. "నాకేం కనవడ్తలేదు, మీ ఇష్టం" అనేది. శివన్న చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసేవాడు. నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు. అదే నాకు కష్టంగా ఉండేది, నాలుగు తిడితే బాగుండుననిపించేది. సుందరబాయి మాత్రం నేను పెరట్లోకి వస్తే లోపలికి వెళ్ళిపోయేది. ఏడాదిన్నర అలాగే గడిచింది. ఈలోగా వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మందు సీసాలు వసంత చేత పంపాను. ఖాళీ సీసాలు కడిగి గోడ మీద పెట్టేవారు.

పిల్లకు నాలుగో నెల నడుస్తున్న ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను అన్నం ముందు కూర్చున్నాను. అవతల సుత్తె చప్పుడు జోరుగా ఉంది. ఇంతలో గోడ మీద దబదబా దెబ్బలు.

"అన్నా! రామచందరన్నా!"

నేను కంచం దాటి ఎలా వెళ్ళానో నాకు తెలియదు. ఎంగిలి చేత్తోనే వీధిలోంచి పరుగెత్తి దుకాణంలో దూరాను. లోపలి గుమ్మంలో సుందరబాయి పిల్ల పక్కన కూర్చుని ఉంది. కొంగు భుజం మీదే ఉంది, ముఖం నిండా నవ్వు. చాప మీద పిల్ల బోర్లాపడి, తల పైకెత్తి, తన ఘనకార్యానికి తానే ఆశ్చర్యపోతోంది.

"ఆయనకు జర చెప్పన్నా," అంది. "పిల్ల మళ్ళ ఎల్లెలకల పడకముందే."

శివన్న అటు తిరిగి హండా కొడుతున్నాడు. ఎడమ చేత్తో అతని భుజం తట్టాను. అతను సుత్తె ఆపి నా ముఖంలోకి చూశాడు.

"నీ ఇంటిది పిలుస్తుంది," అన్నాను.

ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాను. వసంత బావి దగ్గరనుంచి అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఏమయింది? ఎవరిని పిలిచింది సుందరబాయి?"

"నన్ను," అన్నాను.